ఎడమ చేతికి సెలవు

జమ్మలమడుగులో మా మెకానిక్ షెడ్డు ముందు ఖాళీ స్థలం పెద్దది. ఆ రోజు పొద్దున ఒక అమ్మాయి బండి మీద వచ్చి, ఆగకుండా ఆ స్థలంలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి నా ముందు నుంచి పోతూ అరిచింది.

"అన్నా, ఈడ ఏమన్నా గుంత ఉందా?"

"లేదు మేడమ్! ఎందుకు?"

"ఆపల్ల!"

ఆ మాటతోనే ఇంజిన్ స్విచ్ నొక్కేసింది. గేరులో ఉన్న బండి రెండు గెంతులు గెంతి, నిలువెల్లా వణికి, నా స్పానర్ల పెట్టెకు జానెడు దూరంలో నిలబడింది.

అది కొండలకూ రాళ్ళకూ చేసిన ఎత్తు బండి. అలాంటి బండంటే నాకు ప్రాణం. నా ఒళ్ళు మండిపోయింది.

"క్లచ్ పట్టకుండా ఎవరన్నా ఆపుతారా మేడమ్? ఆ గేర్‌బాక్స్ ఏం పాపం చేసింది మీకు? తోలడం రాకపోతే స్కూటీ కొనుక్కోండి!"

ఆమె హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టింది. ఎడమ చేతి గ్లవుజును పళ్ళతో పట్టి లాగింది. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా ఇంకా ఎర్రగానే ఉన్న కుట్ల మచ్చ.

"మూస్తా చూడు," అని వేళ్ళు ముడిచింది. అవి సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. "ఇంతే వస్తాయి. క్లచ్ అందల్లంటే ఇంకా రావల్ల. తోలడం వచ్చు అన్నా. పట్టుకోవడమే రాదు."

"యాడ నుంచి వస్తాండారు?"

"ముద్దనూరు."

"ముద్దనూరు నుంచి క్లచ్ లేకుండానా?"

"కాళ్ళతో నెట్టి ఫస్ట్ గేరు వేసినా. ఆ పైన ఇంజిన్ చప్పుడు విని గేర్లు మారుస్తా వచ్చినా. ఆపేదొక్కటే కష్టం. దోవలో యాడా ఆపలే."

పన్నెండేళ్ళుగా బండ్లతోనే బతుకుతున్నాను నేను. చప్పుడు విని గేరు మార్చడం నాకూ తెలుసు, ఖాళీ రోడ్డు మీద, సరదాకి. లారీలూ గొర్రెల మందలూ తిరిగే ఆ రోడ్డు మీద అంత దూరం ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఒక స్టూలు తుడిచి వేశాను. ఆమెను చూస్తే చేయాలనిపించిన పని ఆ క్షణానికి అదొక్కటే.

ఆమె పేరు లహరి. పశువుల డాక్టరు. సొంత ఊరు పులివెందుల పక్క, తండ్రికి చీనీ పండ్ల తోటలున్నాయి. ఉద్యోగం మాత్రం మా కొండల కింద. మూడు నెలల క్రితం ఒక గేదెకు కాన్పు చేస్తుంటే అది బెదిరి పరుగు తీసింది. పగ్గం ఆమె ఎడమ చేతికి చుట్టుకుంది. చెయ్యి పూర్తిగా బాగుపడడానికి ఏడాది పడుతుందన్నారు.

"ఏడాది ఆగడానికేముంది మేడమ్?"

"తోడేలుబండ కొట్టాల తెలుసునా?"

తెలుసు. కొండ మీద గొర్రెలూ మేకలూ పెంచుకునే ముప్పై ఇళ్ళు. అక్కడికి రోడ్డు లేదు. గుర్రాల దోవ అని రాళ్ళ బాట ఒకటుంది. జీపు ఎక్కదు, స్కూటరు ఎక్కదు.

"వానలు పడక ముందే ఆ జీవాలకు టీకాలు వేయల్ల. వానలు పడితే దోమ ముసురుకుంటాది, నీలినాలుక రోగం వస్తాది. మూడు వారాలే టైముంది. 'నువ్వు ఎక్కలేవమ్మా, ఆఫీసులో కూర్చో, కడపకు మారుస్తా' అంటాండు మా ఆఫీసరు. కొండెక్కే డాక్టరు ఇంకెవురూ ల్యా." ఆమె తన సగం మూసిన పిడికిలి వైపు చూసుకుంది. "పోయినేడు నేనింకా ఈడికి రాలే, ఎవురూ పోలే. శానా జీవాలు పోయినాయి."

అప్పుడు చెప్పాను ఆటోమేటిక్ క్లచ్ గురించి.

"స్కూటరు మాదిరి అవుతాదా?"

"కాదు మేడమ్. గేర్లు గేర్లే, కాలితో మీరే మార్చల్ల. క్లచ్ పని మాత్రం అది చూసుకుంటాది. ప్లేట్ల మధ్యలో ఒక బిళ్ళ ఉంటాది, దాంట్లో చిన్న చిన్న బరువులు. తిరునాళ్ళలో రంగులరాట్నం జోరుగా తిరిగితే మనం బయటికి పోతాం కదా, ఇంజిన్ జోరందుకుంటే ఆ బరువులు అట్ల బయటికి జరుగుతాయి. బిళ్ళ ఉబ్బి ప్లేట్లను నొక్కుతాది, బండి కదులుతాది. జోరు తగ్గితే బరువులు వెనక్కొస్తాయి, ప్లేట్లు వదులైపోతాయి. గేరులో ఉన్నా ఇంజిన్ ఆగిపోదు."

"నువ్వెప్పుడన్నా బిగించినావా?"

"ల్యా. బెంగళూరు రేసుల్లో ఒకసారి చూసినా."

నిజం చెప్పినందుకు లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె తాళం తీసి నా చేతిలో పెట్టింది.

"నాది కూడా మొదటిసారే అన్నా. తెప్పించు."

*

పార్సిలు ప్రొద్దుటూరుకు వచ్చింది. అక్కడే మా నాన్న బట్టల అంగడి. తాతల నాటి అంగడి వదిలి ఆయిలు గుడ్డలు పట్టుకున్నానని ఆయనకు నా మీద కోపం. నా చేతులకు మరకలుంటాయని పట్టుచీరల అరల దగ్గరికి రానివ్వడు. ఆ రోజు మాత్రం డబ్బాలో మెరుస్తున్న ఆ బిళ్ళను తిప్పి తిప్పి చూసి, "నగ మాదిరుందే! ఎవురికిరా?" అన్నాడు.

"ఒక డాక్టరమ్మకు."

డబ్బా మూసి నా చేతిలో పెట్టాడు. నా మొహంలో ఏం చూశాడో నాకు తెలియదు.

ఆదివారం పని మొదలుపెట్టాను. పెట్రోలు మూసి బండిని ఎడమ పక్కకు పడుకోబెట్టాను. క్లచ్ ప్లేట్లు ఇంజిన్‌కు కుడి పక్కన ఉంటాయి, బండి అలా పడుకుంటే ఆయిలు బయటికి రాదు.

లహరి పక్కన గొంతుకూర్చుంది. "గేదెను పండబెట్టినట్లు పండబెట్టినావే! మత్తు ఇచ్చినావా?"

"మత్తు నాకే ఎక్కుతాండాది మేడమ్, పెట్రోలు వాసనకు."

ఆమె పకపకా నవ్వింది. క్లచ్ మీది కవరు విప్పాను. స్ప్రింగులు, ప్రెషర్ ప్లేటు, పాత ప్లేట్లు ఒక్కొక్కటే పైకి తీస్తుంటే ఆమె కుడి చేత్తో అందుకుని, తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చింది. ఆపరేషన్ చేసే మనిషి చెయ్యి అది. ఒక్కటి కూడా చప్పుడు చేయలేదు. ఆయిల్లో నానిన కొత్త ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి దించి, మధ్యలో ఆ బిళ్ళను కూర్చోబెట్టాను. కవరు మూసి బండిని లేపి స్టార్టు చేశాను. ఫస్ట్ గేరు వేశాను.

బండి మెల్లగా ముందుకు పాకడం మొదలుపెట్టింది. నేను బ్రేకు పట్టేలోపు ముందు చక్రం మా బకెట్‌ను తన్నేసింది. ఆయిలు కలిసిన నీళ్ళన్నీ డాక్టరమ్మ చెప్పుల మీద!

"ఇదేనా నీ ఆటోమేటిక్కు?"

"లోపల ప్లేట్లకు సందు చాల్లేదు మేడమ్. కేబుల్ సరిచేయల్ల. దానికొక పరీక్ష ఉంది. సన్నటి రబ్బరు బ్యాండు కావల్ల."

షెడ్డంతా వెతికాను. ట్యూబు ముక్కలు ఉన్నాయి గానీ అన్నీ మందమే. అప్పుడామె కుడి చెయ్యి వెనక్కి పెట్టి, జడ చివర కట్టుకున్న నల్ల బ్యాండు లాగి ఇచ్చింది.

"ఇది సరిపోతాదా?"

జడ పాయలు విడిపోయి భుజం మీదికి జారాయి. బయట మబ్బు కమ్మింది. షెడ్డు తలుపులోంచి వచ్చే గాలికి ఆ వెంట్రుకలు కదులుతుంటే నేను బ్యాండు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"సరిపోతాదా అంటాండా!"

"ఆ... ఆ. సరిపోతాది."

క్లచ్ లివరుకూ హ్యాండిల్‌కూ కలిపి బ్యాండు తగిలించాను. న్యూట్రల్లో ఇంజిన్ జోరు పెంచాను. లివరును ఎవరూ ముట్టుకోలేదు. అయినా లోపల బిళ్ళ ఉబ్బగానే అది దానంతట అదే కొంచెం లోపలికి వంగింది. జోరు తగ్గించగానే వెనక్కి వచ్చింది.

"మళ్ళీ చెయ్యి!" అంది లహరి.

మళ్ళీ చేశాను. లివరు మళ్ళీ వంగింది. ఎడమ చేత్తో ఇన్నాళ్ళూ లాగలేకపోయిన ఆ లివరు, కళ్ళ ముందు తనంతట తాను కదులుతుంటే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. సగం ముడుచుకునే తన వేళ్ళను దాని దగ్గరగా పెట్టింది. ముట్టుకోకుండా, మంట దగ్గర చెయ్యి పెట్టినట్టు పెట్టి, అది కదలడం చూసింది.

కేబుల్ సరిచేశాక ఆమే ఎక్కింది. ఫస్ట్ గేరు వేసింది. రెండు కాళ్ళూ నేల మీద. ఎడమ చెయ్యి ఒడిలో. ఇంజిన్ గేరులోనే నిదానంగా కొట్టుకుంటోంది. బండి కదలలేదు, ఆగిపోలేదు. కుడి చెయ్యి కొంచెం తిప్పింది. వాలు దొరికిన వాననీరులా బండి మెత్తగా ముందుకు సాగింది. గుండ్రంగా తిరిగి వచ్చి సరిగ్గా నా ముందు ఆగింది. ఇంజిన్ ఇంకా గేరులోనే ఉంది.

"సుధీర్," అంది లహరి, "నా చేతికి సెలవిచ్చినావు."

ఇంటికి పోయి పడుకున్నాక గానీ వెలగలేదు. ఆమె ఈసారి 'అన్నా' అనలేదు.

*

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె బండి నెట్టుకుంటూ వచ్చింది. చున్నీ నిండా కంపముళ్ళు. చెంప మీద గీరుకుపోయిన గీతలు. ముందు మడ్‌గార్డు విరిగి వేలాడుతోంది.

"దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసినా. బండి తెగిన గాలిపటం మాదిరి జారిపోయింది. కంపచెట్లు లేకుంటే వంకలో పడేదాన్ని!"

దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఇంజిన్ జోరు తగ్గి ప్లేట్లు విడిపోతాయి. ఇక బండిని ఇంజిన్ పట్టి ఉంచదు. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ ఉండాలి, అప్పుడు ప్లేట్లు పట్టే ఉంటాయి. ఆటోమేటిక్ క్లచ్ వేసినవాడు మొట్టమొదట చెప్పాల్సిన మాట అది.

"దిగుడులో కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూనే ఉండల్ల. చెప్పడం మర్చిపోయినా," అన్నాను.

"మర్చిపోయినావా? ఇంత పని చేసి, అసలు మాట ఎట్ల మర్చిపోతావు?"

నేను విరిగిన మడ్‌గార్డు విప్పడం మొదలుపెట్టాను. ఏమని చెప్పను? నీ జడ విడిపోయింది కాబట్టి అని చెప్పనా?

"నిన్ను నమ్మి ఎక్కినా సుధీర్," అంది. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మూడో రోజు ఆమె బదులు వాళ్ళ నాన్న వచ్చాడు. ఓబుళరెడ్డి గారు. తెల్ల చొక్కా, భుజాన తువాలు, ఆరడుగుల మనిషి. నేను వేసిన స్టూలు మీద కూర్చోలేదు.

"ఎవురి పిల్లోడివి నువ్వు?"

"ప్రొద్దుటూరు ఆదినారాయణ శెట్టి కొడుకునండీ."

"బట్టల అంగడి శెట్టి కొడుకువా! మీ అంగట్లో గుడ్డ ఎప్పుడూ మోసం చేయలేదు మమ్మల్ని. నువ్వేందప్పా ఇట్ల చేసినావు? నా కూతురి చెయ్యి పోయింది, ఇంక కాలు కూడా పోవల్లనా? విప్పేయ్ దాన్ని. కడపలో కుర్చీ ఉంది, ఆడ కూచుంటాది."

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. బండిలో లోపం లేదని, చెప్పడంలో లోపం నాదని చెప్పాను. ఆయన మొహం మెత్తబడలేదు. ఇంతలో వెనక నుంచి లహరి వచ్చింది.

"నాయనా, నేను తోలేది నువ్వెప్పుడన్నా చూసినావా?"

"చూసేదేంది? పడిందంటే విన్నా కదా."

"పడినాక మళ్ళీ పోయినా అదే దిగుడుకు. ఐదు సార్లు దిగినా. ఒక్కసారి కూడా జారలే." నా వైపు చూడకుండానే చెప్పింది. "సోమవారం తోడేలుబండకు టీకాలు తీసుకపోతాండా. నా వెనకాలే రా. చూసినాక విప్పెయ్యమంటే నేనే విప్పిస్తా."

"ఆ దోవలో నేనెట్ల వస్తాను?"

లహరి అప్పుడు నా వైపు చూసింది. చూపులో కోపం ఇంకా ఉంది. "సుధీర్ బండి మీద."

*

సోమవారం తెల్లవారగానే బయలుదేరాం. ముందు లహరి, వెనక సీటుకు కట్టిన టీకాల ఐసు పెట్టెతో. వెనక నా బండి మీద నేనూ, నా నడుము రెండు చేతులా పట్టుకున్న ఓబుళరెడ్డి గారూ. గుర్రాల దోవ మొదలయ్యే దాకా ఆయన పట్టు మామూలుగానే ఉంది. మొదటి రాళ్ళ మెట్టు ఎక్కగానే నాకు ఊపిరాడలేదు.

"నిదానమప్పా! నిదానం!"

లహరి కాళ్ళు పెట్టే పెగ్గుల మీద లేచి నిలబడింది. మోకాళ్ళు వదులుగా, చూపు దూరంగా. గుండ్ల మధ్య బండి అటూ ఇటూ ఊగుతున్నా ఆమె తల మాత్రం కదలడం లేదు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఆనించి ఉంది. ముందు చక్రం రాయి ఎక్కేముందు సన్నగా జోరు పెంచుతోంది, ఎక్కాక తగ్గిస్తోంది. దారి ఎక్కడ తేలికో బండికి కాదు, ఆమెకు తెలుసు.

సగం కొండ ఎక్కాక అన్నిటికంటే నిటారు మెట్టు దగ్గర, పై నుంచి మేకల మంద దిగింది. యాభై దాకా ఉంటాయి. బాటంతా నిండిపోయింది.

లహరి ఆగింది. ఆ నిటారు రాతి మీద, ముందు బ్రేకు పట్టి, గేరులో, ఇంజిన్ నడుస్తుండగానే. మేకలు చక్రాల కింది నుంచి, ఆమె కాళ్ళ సందుల్లోంచి దూరిపోతున్నాయి. ఒక పిల్లమేక ముందు చక్రాన్ని నాకి మరీ వెళ్ళింది. ఇంజిన్ ఒక్కసారి కూడా తడబడలేదు.

నాది తడబడింది. బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ మూడూ ఒకేసారి చూసుకోలేక ఇంజిన్ ఆపేశాను. స్టార్టు చేశాను. మళ్ళీ ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. ఓబుళరెడ్డి గారు "అమ్మయ్యో!" అని దూకేసి, ఒక గుండును కౌగిలించుకున్నాడు.

"ఏమప్పా మెకానిక్కూ! నీకు తోలేది రాదా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. పైకి చూస్తున్నాడు. మంద దాటిపోయింది. లహరి కుడి మణికట్టు కొంచెం తిప్పింది. రాతి మీద నిలబడి ఉన్న బండి అదరకుండా, బెదరకుండా, మెట్టు మీద నుంచి మెట్టు మీదికి, ఆకాశంలోకి పోతున్నట్టు ఎక్కిపోయింది. ఓబుళరెడ్డి గారి తువాలు భుజం మీద నుంచి జారి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

"అది మా పాపేనా?" అన్నాడు.

కొట్టాలలో పీరాంబీ అనే ముసలావిడ ఎదురొచ్చింది. పోయినేడు సగం మందను పోగొట్టుకున్న మనిషి. లహరి చెయ్యి పట్టుకుని, మచ్చను నిమిరి, "ఈ చేత్తో ఎట్ల వచ్చినావు తల్లీ?" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పూట మూడు వందల జీవాలకు టీకాలు పడ్డాయి. నేను పట్టుకున్నాను, ఓబుళరెడ్డి గారు పట్టుకున్నాడు, లహరి వేసింది. ఆ పెద్దాయన తెల్ల చొక్కా మేకల రంగుకు వచ్చేసింది.

పని అయ్యాక లహరి కొండ అంచుకు పోయి నిలబడింది. నేను పక్కకు పోయాను. మా అంగడిలో మడతపెట్టి పేర్చిన చీరల్లా ఎర్రబండలు పొర మీద పొర. ఎంతో లోతున పెన్న, సన్నగా, పచ్చగా. దూరంగా వాన ఒక తెరలా కదిలి వస్తోంది. అక్కడ మాటలు చిన్నవైపోతాయి.

"ఆ పొద్దు ఎందుకు మర్చిపోయినావు?" అంది తను, వాననే చూస్తూ.

ఇక దాచలేకపోయాను. "బ్యాండు ఇచ్చినావు కదా. జడ విడిపోయింది. ఆ తర్వాత నాకేమీ గుర్తుల్యా."

ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. ఆమె చెంపల మీద ముళ్ళ గీతలు నవ్వుకు సాగాయి.

"నా ప్రాణం మీదికి తెచ్చింది నా జడేనా?"

"నవ్వొద్దు. నిన్ను చూస్తే నాకు భయం. నచ్చినావని భయం. ముద్దనూరు నుంచి చప్పుడు విని వచ్చినావు చూడు, ఆ పొద్దు నుంచి భయమే. నీ పక్కన నిలబడే పాటి మనిషినేనా అని."

"పిచ్చోడా," అంది మెల్లగా. "నిన్ను అన్నా అనడం నేనెందుకు మానుకున్నాననుకుంటాండావు?"

ఎడమ చెయ్యి చాచింది. దాని వేళ్ళు నా వేళ్ళ మీద సగం దాకా ముడుచుకుని ఆగాయి. మిగతా సగం నేను మూశాను.

"ఓ రెడ్డీ!" వెనక నుంచి పీరాంబీ గొంతు, కొండ మారుమోగేలా. "ఆడ చూడు! వీళ్ళిద్దరికీ పెళ్ళెప్పుడు చేస్తాండావు?"

మేమిద్దరం ఉలిక్కిపడి చేతులు లాక్కున్నాం. ఓబుళరెడ్డి గారు మజ్జిగ చెంబు పట్టుకుని మమ్మల్ని అలాగే చూస్తున్నాడు. చెంబు కింద పెట్టి, నేరుగా వచ్చి, ఖాళీ ఐసు పెట్టె నా చేతుల్లో పెట్టాడు.

"ఇది నీ బండికి కట్టుకో."

"మరి మీరు?"

"నీ వెనకాల వద్దప్పా. నేను నా కూతురి వెనకాల దిగుతా."

దిగుడంతా నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. లహరి యాక్సిలరేటర్ ఒక్కసారి కూడా పూర్తిగా వదల్లేదు. ఇంజిన్ పట్టి ఉంచిన బండి రాయి రాయికీ అడుగు వేస్తున్నట్టు దిగింది. మొదట్లో సీటును గట్టిగా పట్టుకున్న ఓబుళరెడ్డి గారు, సగం కొండ దిగాక ఒక చెయ్యి వదిలి అటు లోయను, ఇటు కొండను చూపిస్తూ కూతురికి ఏదో చెబుతున్నాడు. ఆ మాటలు నాకు వినపడలేదు.

కింద రోడ్డు మీదికి వచ్చేసరికి తొలి చినుకులు పడ్డాయి. మట్టి వాసన గుప్పుమంది. ఆయన దిగి, ఫోను తీసి పులివెందులకు, భార్యకు కలిపాడు.

"ఒసే విజయలక్ష్మీ! మన పాప కొండెక్కేది చూసినా. ఏమని చెప్పేది... నోట మాట రాలే. కడపా వద్దు, గిడపా వద్దు, ఈడనే ఉంటాది." కాసేపు విని, నా వైపు ఓరగా చూశాడు. "ఇంకో మాట. ఆదివారం ఒక పిల్లోడు వస్తాండు, వాళ్ళ నాయనతో. ఆ, ఆ మెకానిక్కే. పొయ్యి ముందర కూచోబెట్టి అన్నీ అడుగుదువు లే."

లహరి హెల్మెట్ తీయలేదు. అద్దం లోపల ఆమె కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"ఏందీ, కోడి కోసేదా?" ఓబుళరెడ్డి గారు గట్టిగా అన్నాడు. "వద్దు వద్దు. వాళ్ళు శెట్లు. పప్పు చెయ్యి, నెయ్యి ఎక్కువ వెయ్యి."